ఎడమచేతి ఇంజన్

ట్రేసర్ అంటే ఏందో మీకు ఇప్పుడు చెప్పాల్సి వస్తది. ఇంజనీర్లు పెన్సిల్‌తోని గీసిన బొమ్మ మీద పల్చటి మైనపు గుడ్డ పరిచి, నల్ల సిరాతోని గీతకు గీత దించేటోళ్లను ట్రేసర్లు అనేటోళ్లు. మంచిర్యాల దగ్గర, నస్పూర్ దిక్కు బొగ్గు బావుల వర్క్‌షాపుల నేను ఆ పని మీదనే చేరిన. అరవైల మొదట్ల సంగతి. డ్రాయింగ్ రూముల నేనొక్కదాన్నే ఆడపిల్లను. మా బాపు మిషన్ దవాఖానల కంపౌండర్. మందు సీసాల మీద చీటీలు రాసి రాసి నా చేతిరాత కుదిరిందని, ఆ రాత చూసే నాకు నౌకరి ఇచ్చిన్రని చర్చిల కనబడ్డోళ్లకల్ల చెప్పేటోడు.

కొత్తగ పనిల చేరిన మీరు నన్ను చూసినప్పుడల్ల "అమ్మా, నీ సర్వీసుల పెద్ద పని ఏది?" అని అడుగుతుంటరు. బావిల నుంచి బొగ్గు పైకి గుంజే యంత్రాలు గీసిన, పంపులు గీసిన, వంతెనలు గీసిన. వాటి ముచ్చట ఏ పాత డ్రాయింగు తీసినా తెలుస్తది. నేను చెప్పేది ఒక బెంచీ మీద పట్టే ఇంజన్ గురించి. దాన్ని చేసిన మనిషి గురించి.

ఆయనను అందరు మిస్త్రీ అనేటోళ్లు. సిరిసిల్ల దిక్కు నేతపని ఇంట్ల పుట్టిండు. కూలి గిట్టక మగ్గం ఇడిచిపెట్టి, మీసాలు రాకముందే బొగ్గు బావులకు వచ్చి, ఫిట్టర్ అయిండు. పొట్టి మనిషి, పెద్ద గొంతు. అణకువ అసలే లేదు. "ఈ వర్క్‌షాపుల నట్టు తిరగాలంటే ముందుగాల నన్నడగాలె" అని ఎదురొచ్చినోళ్లందరికి చెప్పేటోడు. విన్నోళ్లు నవ్వేటోళ్లే గని కాదనేటోళ్లు కాదు. ఆయన బిగించిన పంపు ఊరుకనే ఆగదని అందరికి తెలుసు.

నేను చేరిన కొన్నాళ్లకే ఆయనకు దెబ్బ తగిలింది. పెద్ద పంపును చైన్ కప్పీతోని దించుతుంటే చైన్ జారింది. కింద సర్దుతున్న మిస్త్రీ కుడిచెయ్యి నలిగింది. నడిమి మూడు వేళ్లు పోయినయ్. బొటనవేలు, చిటికెనవేలు మిగిలినయ్.

ఆ రోజు చైన్ పట్టుకున్నది మా ఫోర్‌మన్. హైదరాబాద్ నుంచి వచ్చిన ముస్లిం ఆయన. మిస్త్రీ, ఆయన ఒక్కనాడే నౌకరిల చేరిన్రు. ఒక్క టిఫిన్ గిన్నెల తిన్నోళ్లు. తప్పు ఎవ్వరిది కాదని విచారణల తేలింది. మిస్త్రీ సుత ఆ మాటే చెప్పిండు. అయినా ఫోర్‌మన్ ఆనాటి నుంచి మిస్త్రీ ముఖం చూసుడు బంద్ చేసిండు. ఎదురుపడితే తొవ్వ మార్చేటోడు. ఏదన్న చెప్పాల్సి వస్తే పక్కనున్నోళ్లతోని చెప్పించేటోడు. కొత్తగ వచ్చినోళ్లు వాళ్లిద్దరు పగోళ్లనుకునేటోళ్లు.

దవాఖానల పెద్ద డాక్టర్ మిస్త్రీని తేలిక పని కింద స్టోరుల ఏయించిండు. చేతులు తుడిచే దూది, సబ్బు బిళ్లలు, పెన్సిళ్లు పంచే పని. "వానలు పడ్డంక మళ్ల చూస్త. ఫిట్టర్ పని చేయగలిగితే సరే, లేకుంటే ఇంటికి పంపుడే" అని ముందుగనే చెప్పిండు. ఇంటికి పంపుడంటే కంపెనీ క్వార్టర్ ఖాళీ చేసి సిరిసిల్ల తొవ్వ పట్టాలె. ఆడ ఉన్నది మగ్గమే, దానికి సుత చేతులే కావాలె.

ఆ ఎండకాలమే మా వర్క్‌షాపు పక్కన శిక్షణ బడి కట్టుడు అయిపోవచ్చింది. కొత్త కార్మికులకు యంత్రాల పని నేర్పే బడి. మా ఇంజనీర్ సాబ్ దాన్ని దగ్గరుండి కట్టించిండు. ఆయనది గుంటూరు దిక్కు. రాష్ట్రాలు ఒక్కటైన కొత్తల వచ్చిండు. ఆయన "రండి, కూర్చోండి" అంటుంటే మావోళ్లు చాటుకు నవ్వేటోళ్లు, మేము "జర ఆగుండ్రి సాబ్" అంటే ఆయన ఎదురుంగనే నవ్వేటోడు. మంచి మనిషి, పని తెలిసిన మనిషి.

ఒకనాడు ఆయన ఫోర్‌మన్‌ను వెంటబెట్టుకొని డ్రాయింగ్ రూముకు వచ్చిండు.

"ఆవిరి సిలిండర్లోకి ఎలా వెళుతుందో, పిస్టన్‌ని ఎలా తోస్తుందో బోర్డు మీద ఎంత గీసినా కుర్రాళ్లకి తలకెక్కదండి. నిజంగా నడిచే చిన్న ఇంజన్ ఒకటుండాలి. మన సైడింగులో బొగ్గు వ్యాగన్లని అటూ ఇటూ జరిపే షంటింగ్ ఇంజన్‌కి అచ్చం నమూనా. బయట చేయించాలంటే ఏడాది పైనే పట్టేట్టుంది. మన దగ్గరే చేద్దామా?"

"సాబ్, వానలు పడితే బావులల్ల నీళ్లు నిండుతయ్. నా మనుషులంత పంపుల మీదనే ఉన్నరు. బొమ్మ కోసం ఒక్కణ్ని సుత ఇడువలేను" అన్నడు ఫోర్‌మన్.

"నేను చేస్త."

తలుపు కాడ మిస్త్రీ నిలబడి ఉన్నడు. మాకు పెన్సిళ్లు ఇయ్యనీకి వచ్చిండు.

ఫోర్‌మన్ ఆయన దిక్కు చూడకుండనే ఇంజనీర్‌తోని అన్నడు. "ఏ చేతితోని చేస్తడో అడుగుండ్రి సాబ్."

మాట కటువుగనే ఉన్నది గని, అనుకుంటనే ఆయన చూపు నేలకు దించిండు. మిస్త్రీ పెన్సిళ్ల పెట్టె నా బల్ల మీద పెట్టి ఎడమచెయ్యి పైకెత్తిండు.

"దీంతోని. మగ్గం మీద దారం మోసే నాడె ఈ చేతిల నుంచి ఆ చేతిలకు ఉరుకుతది సాబ్. చిన్నప్పటి సంది నాకు రెండు చేతులు పనిల పడ్డయ్. ఒకటి పోతే ఇంకోటున్నది."

ఇంజనీర్ ఆ చేతిని చూసి తల ఊపిండు. "మరి డ్రాయింగులు? షంటింగ్ ఇంజన్ కాగితాలు ఎక్కడా దొరకలేదే?"

"గీ బిడ్డ గీస్తది" అన్నడు మిస్త్రీ, నన్ను ఒక్క మాట సుత అడగకుండ.

మొదటి పని కొలతలు తీసుడు. ఇంజన్ సైడింగుల ఆగినప్పుడు చీర కొంగు నడుముకు చుట్టి, కాయితాలు పట్టుకొని, దాని కిందికి దూరిన. మిస్త్రీ కొలత చదువుడు, నేను రాసుడు. కూలోళ్లు, డ్రైవర్లు, బొగ్గు తూకం గుమాస్తా అంత చుట్టు నిలబడ్డరు. ఆడపిల్ల ఇంజన్ కింద పండుకున్నది వాళ్లు ఎన్నడు చూడలే.

"ఏం చూస్తున్నరు? సర్కస్ వచ్చిందా?" అని మిస్త్రీ కింద నుంచే కేకేసిండు. "ఎవ్వరికన్న ఫుర్సత్ ఉంటే లోపలికి రాండ్రి, గ్రీజు తుడిచేదున్నది."

అందరు పోయిన్రు. ఆ తర్వాత నేను ఆ ఇంజన్ కిందికి ఎన్నిసార్లు దూరినా ఎవ్వరు ఆగి చూడలే.

అసలు ఇంజన్‌ల ఒక అడుగు మా ఇంజన్‌ల ఒక అంగుళం. లెక్క అంతే కద అని నేను అన్ని కొలతలు ఒక్క తీరుగ తగ్గించి గీసుకపోయిన. ఇంజనీర్ సాబ్ కాయితం చూసి బాయిలర్ కాడ వేలు పెట్టిండు.

"కొలత తగ్గుతుందమ్మా, ఆవిరి బలం తగ్గదు. రేకు ఇంత పల్చగా ఉంటే పగులుతుంది. నీటి మట్టం చూపించే గాజుగొట్టం కూడా అంతే. మరీ సన్నగా చేస్తే నీళ్లు గోడకే అతుక్కుంటాయి, మట్టం అబద్ధం చెబుతుంది."

దేన్ని చిన్నగ చేయాలె, దేన్ని చేయొద్దు అని ఆయన నా పక్కన కూసొని ఓపికగ చెప్పిండు. గాజుగొట్టం కోసం నేను బాపును అడిగిన. మిషన్ దవాఖానల పగిలిన సామాను పెట్టెల నుంచి గోడ మందంగ, మరీ సన్నం కాని గొట్టం ఒకటి వెతికి, దూదిల చుట్టి ఇచ్చిండు.

మిస్త్రీ ఇంజన్ కన్న ముందు తన చేతికే ఒక భాగం చేసుకున్నడు. కుడి అరచేతిల ఇమిడేటట్టు మద్దికట్టె ముక్క చెక్కి, దానికి తోలుపట్టి కుట్టించి, మణికట్టుకు కట్టుకున్నడు. ఆ కట్టెల ఒక గాడి. ఇనుము రాకే ఆకురాయి పిడి ఆ గాడిల దిగుతది. ఎడమచెయ్యి ముందుకు తోస్తది, కుడిచెయ్యి వెనుక నుంచి అదుముతది. స్టోరుల కిటికీ పక్కన ఒక బెంచీ ఏసుకున్నడు. దూది అడగవచ్చినోళ్లకు దూది ఇచ్చుకుంట, మిగిలిన పొద్దంత రాకుడే.

సామాను కొన్నది చాన తక్కువ. వర్క్‌షాపు వెనుక తుక్కు గుట్ట ఉండె. మిస్త్రీ అందుల తిరుగుతుంటే బజారుల కూరగాయలు ఏరుతున్నట్టుండేటోడు. పాడైన పంపు రాగి గొట్టం బాయిలర్ అయింది. ఇరుసుకు తొడిగే, అరిగిన కంచు బుష్షుల సిలిండర్లు దాగి ఉన్నయని నాకు చూపించిండు. పంపు ఇరుసు ముక్కల నుంచి చక్రాలను తిప్పే రాడ్లు. సైకిల్ పుల్లల నుంచి చిన్న చిన్న బోల్టులు. అంత చిన్న మరలు కోసే పనిముట్టు మా కాడ లేకుంటే, ఒక పుల్లను గట్టిపరిచి ఆ పనిముట్టును సుత ఆయనే చేసుకున్నడు. చక్రాలు మా పోతపని వాళ్లు పోసిచ్చిన్రు. చక్రం ఆకుల మధ్య సందులు మాత్రం ఆయనే రాకి సాపు చేసిండు.

గివన్నీ ఒక్కసారికే కుదిరినయని అనుకోకుండ్రి. మొదటి రాడ్డు వంకర పోయింది. రెండోదానికి రంధ్రం పక్కకు పోయింది. చెడిపోయినవాటిని ఒక రేకు డబ్బల ఏసేటోడు. ఆ డబ్బ నిండుకుంటనే పోయింది. ఒకనాడు మధ్యాహ్నం నేను కొత్త డ్రాయింగు పట్టుకొని పోతే, ఆయన బెంచీ కింద మోకాళ్ల మీద ఉన్నడు. చిన్న బోల్టు ఒకటి జారి పడ్డది. నేను సుత వంగి వెతికిన. దొరికినంక ఆయన లేవలే, ఆడనే గోడకు ఒరిగి కూసున్నడు. ఆ పెద్ద గొంతు ఆనాడు చాన చిన్నగ వినబడ్డది.

"నడిమి వేళ్లు ఉన్నయనుకొనే చెయ్యి చాస్తున్న బిడ్డా. అవి పోయినయని నాకు తెలుసు. చేతికి ఇంక తెల్వలే."

దొరికిన బోల్టును బెంచీ మీద పెట్టిన. "కాకా, చాయ్ తాగుదమా?" అన్న. అంతకుముందు దాంక నేను సుత ఆయనను మిస్త్రీ అనే పిలిచేదాన్ని. ఆయన లేచి మీసం తుడుచుకున్నడు. "తాగుదం. ఆ రాడ్డు సంగతి చాయ్ అయినంక చూస్త. అదెంత?"

ఆ రాడ్డు కుదిరిననాడు ఆయన దాన్ని వర్క్‌షాపుల ప్రతి బెంచీ కాడికి తీసుకపోయి చూపించిండు. ఫోర్‌మన్ రూము ముంగట రెండుసార్లు అటిటు నడిచిండు గని లోపలికి పోలే.

బాయిలర్ అతుకులు మా కాడ ఎవ్వరికి రాని పని. సీసం టంకం ఆ వేడికి కరిగిపోతది, వెండి టంకమే ఆగుతది. వెండి అనంగనే కరీంనగర్ యాదికొచ్చింది. ఇంజనీర్ సాబ్ కాడ సెలవు తీసుకొని, మిస్త్రీ, ఆయన భార్య, నేను పెద్దపల్లి దాంక రైలుల, ఆడినుంచి బస్సుల పోయినం. వెండి తీగపని చేసే పెద్దమనిషి ఒకాయన ఇంటి అరుగు మీద కూసొని, వెంట్రుకంత తీగలను పూల లెక్క చుట్టి అత్తరుదాన్ చేస్తుండు. మిస్త్రీ ఇంతకుముందు ఎవ్వరి పని చూసి నోరు మూసుకోలే. ఆనాడు అరుగు కింద నిలబడి చానసేపు ఉత్తగనే చూసిండు.

ఆ పెద్దమనిషి మా డ్రాయింగు తిప్పి తిప్పి చూసిండు. "ఇంత పెద్ద రాగిని నేనెన్నడు ఎర్రగ కాల్చలే. నా తీగకు ఊదుగొట్టం మంట చాలు. కాని టంకం గుణం చిన్నదానికైనా పెద్దదానికైనా ఒక్కటే. మంట ఎటుంటే అటు ఉరుకుతది. సల్లగున్న కాడికి రమ్మంటే రాదు."

వెలిగారం ఎట్ల పూయాలె, రాగి ఏ రంగుకు వచ్చినంక టంకం తాకించాలె అని చేసి చూపించిండు. కావల్సినంత టంకం ఇచ్చిండు. మిస్త్రీ తన కుడిచేతి కట్టె విప్పి ఆయనకు చూపిస్తే, ఆయన దాన్ని ఏదో నగ చూసినట్టు దగ్గరికి తీసుకొని చూసిండు.

తిరిగొచ్చి బాయిలర్ అతికినం. పైకి చూస్తే అందంగనే ఉన్నది. దాంట్ల నీళ్లు నింపి చేతిపంపుతోని ఒత్తిడి పెట్టి చూసే పరీక్ష ఒకటుంటది. ఇంజనీర్ సాబ్ ఎదురుంగ ఆ పరీక్ష పెట్టినం. ఒత్తిడి చూపే ముల్లు కొద్దిగ లేచిందో లేదో, నిప్పు పెట్టే అర కాడ అతుకు నుంచి సూదుల లెక్క నీళ్లు చిమ్మినయ్. నా చీరంత తడిసింది. లోపలి మూలకు వేడి చాలలే, టంకం ఆ మూలకు పోనేలేదు.

ఇంజనీర్ సాబ్ కోపానికి రాలే. "ఆవిరి పెట్టాక పగలకుండా ఇప్పుడే నీళ్లతో బయటపడింది, సంతోషం" అన్నడు. కాని బడి తెరిచే రోజు దగ్గరికొచ్చింది. డాక్టర్ మళ్ల చూస్తనన్నది సుత ఆ వారమే. లోపలి మూల ఎర్రగ కావాలంటే రెండు దిక్కుల నుంచి రెండు పెద్ద బ్లోల్యాంపుల మంటలు ఒక్కసారి పట్టాలె, మంట కదలకుండ పట్టాలె. మిస్త్రీ ఒక్క చేత్తోని టంకం తాకించాలె. ఇంక మంట ఎవరు పడుతరు?

ఆదివారం చర్చి అయినంక నేను సీదా వర్క్‌షాపుకు పోయిన. కమ్మరి కొలిమి కాడ మిస్త్రీ ఒక్కడే బాయిలర్‌ను కోకు బొగ్గుల మధ్యన పెట్టి కూసున్నడు. మంట నేను పడుతనన్న. "నీకు బరువైతది బిడ్డా, ఒక్కటైతే పడుతవు, రెండు ఎట్ల?" అని మిస్త్రీ ఆలోచిస్తుంటే ఎనుక అడుగుల చప్పుడైంది. ఫోర్‌మన్. సెలవునాడు సుత ఖాకీ అంగీతోనే వచ్చిండు. అంగీ విప్పి కొక్కానికి తగిలించి, బనియన్ మీదనే నిలబడి రెండు బ్లోల్యాంపులు ముట్టించిండు.

"మిస్త్రీ, మంట నేను పడుత."

చైన్ జారిననాటి నుంచి ఆయన మిస్త్రీని పిలిచింది అదే మొదలు. మిస్త్రీ తలెత్తలే. బాయిలర్‌నే చూసుకుంట అడిగిండు.

"గట్టిగ పడుతవా?"

ఫోర్‌మన్ రెండు చేతులల్ల పిడులు సర్దుకున్నడు. బ్లోల్యాంపులు బుస్సుమంటున్నయ్.

"ఈసారి ఇడువ" అన్నడు.

"అయితే రా."

అంతే వాళ్ల మాటలు. ఫోర్‌మన్ రెండు దిక్కుల నుంచి మంట పట్టిండు. నేను కొలిమి తిత్తి ఊదిన. రాగి నల్లబడి, ముదురు ఎరుపై, ఆ పెద్దమనిషి చెప్పిన రంగుకొచ్చింది. "ఇప్పుడు" అని మిస్త్రీ ఎడమచేత్తోని టంకం పుల్ల తాకించిండు. వెండి నీళ్లలెక్క మారి, అతుకు పొంటి గీత గీసినట్టు ఉరికి, లోపలి మూలకు పోయింది. ఫోర్‌మన్ ముంజేతుల మీద వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది. అయినా మంట జరగలే. మిస్త్రీ "చాలు" అన్నంకనే దించిండు.

బాయిలర్ సల్లారే దాంక ఇద్దరు గడప మీద పక్కపక్కన కూసున్నరు. మిస్త్రీ భార్య తెచ్చిన జొన్నరొట్టె మిస్త్రీ ఇరిచి సగం ఆయన చేతిల పెట్టిండు. తిన్నరు. మరునాడు పరీక్షల ఒక్క చుక్క సుత కారలే.

మిస్త్రీ భార్య గురించి సుత ఒక్క మాట చెప్పాలె. పిస్టన్ రాడ్డు సిలిండర్ల నుంచి బయటికొచ్చే కాడ ఆవిరి పోకుండ నూనెల తడిపిన నూలు బిగించి చుట్టాలె. మేమెవ్వరం చుట్టినా ఆవిరి తప్పించుకుంటనే ఉండె. చిన్నప్పటి సంది మగ్గానికి నూలు కండెలు చుట్టిన మనిషి ఆమె. ఒక్కసారి చూసి, దారం అందుకొని చుట్టింది. మళ్ల దాన్ని ముట్టుకునే పని పడలే.

బడి తెరిచే రోజు రానే వచ్చింది. బడి ముంగట చదును చేసి, సన్నటి పట్టాలు పరిచినం. ఇంజన్ ఎనుక చక్రాల పలక ఒకటి కట్టినం, మనిషి కూసోవచ్చు. హైదరాబాద్ నుంచి పెద్ద ఆఫీసర్లు వచ్చిన్రు. దవాఖాన డాక్టర్ సుత వచ్చి ముందు వరుసల కూసున్నడు. కార్మికులు గోడలెక్కి చూస్తున్నరు. మిస్త్రీ తెల్లటి ధోతి, ఇస్త్రీ అంగీ ఏసుకొని, కుడిచేతికి కట్టె కట్టుకొని, ఇంజన్ పక్కన గొంతుక్కూసున్నడు. కందిగింజంత బొగ్గు ముక్కలు చెంచాతోని పొయ్యిల ఏస్తుండు. ముల్లు లేచింది. గాజుగొట్టంల నీళ్లు నిలకడగ ఉన్నయ్. ఆవిరి ఎక్కువై పైన మూత బుస్సుమనంగనే ముందు వరుస ఆఫీసర్లు కుర్చీలు ఎనుకకు జరుపుకున్నరు.

మిస్త్రీ ఆవిరి ఇడిచిండు.

చక్రాలు గిరగిర తిరిగినయ్. ఇంజన్ ఉన్న కాడనే ఉన్నది. బంద్ చేసి మళ్ల ఇడిచిండు. మళ్ల అంతే. గోడ మీద ఎవరో కిసుక్కున నవ్విన్రు. నేను గీసిన కొలతలన్ని కండ్ల ముంగట తిరిగినయ్.

మిస్త్రీ వంగి పట్టాను వేలితోని తుడిచి, ఆ వేలు వాసన చూసిండు. ఆయన పెద్ద గొంతు బడి అంత మోగింది.

"పట్టాలకు నూనె పూసింది ఎవడు?"

"నేనే" అన్నడు ఫోర్‌మన్. "పెద్దోళ్లు వస్తున్నరని, మెరవాలెనని..."

"సాబ్‌లు పట్టాలు చూడవచ్చిన్రా, ఇంజన్ చూడవచ్చిన్రా? తుడువు!"

ఆఫీసర్ల ముంగట ఫోర్‌మన్‌ను ఒక ఫిట్టర్ అట్ల అన్నది ఆ వర్క్‌షాపు ఎన్నడు వినలే. ఫోర్‌మన్ జేబుల నుంచి దస్తీ తీసి, మోకాళ్ల మీద పాకుకుంట పట్టాలు తుడుసుకుంట పోయిండు. ఎనుక నేను కొలిమి బూడిద చల్లుకుంట పోయిన. మొదలు కార్మికులు నవ్విన్రు, తర్వాత ఆఫీసర్లు నవ్విన్రు, ఆఖరుకు ఫోర్‌మన్ సుత నవ్విండు.

మూడోసారి ఆవిరి ఇడిచినప్పుడు చక్రాలు పట్టాలను పట్టుకున్నయ్. చక్, చక్ అని పొగగొట్టం నుంచి తెల్లటి ఉండలు లేచినయ్. ఇంజన్ కదిలింది. అసలు ఇంజన్ ఎట్ల ఊపిరి తీస్తదో, అదే తీరు, కొంచెం గొంతు సన్నం. గోడల మీది నుంచి ఈలలు, చప్పట్లు. ఇంజనీర్ సాబ్ సూటు మరిచి పలక మీద కూసొని ఈ కొస నుంచి ఆ కొసకు పోయివచ్చిండు. దిగినంక ఆయన కండ్లు తుడుచుకున్నడు, పొగ అన్నడు.

"డాక్టర్ సాబ్, మీరు సుత రాండ్రి" అని మిస్త్రీ పిలిచిండు. డాక్టర్ నిండు మనిషి. కొద్దిగ మొహమాటపడి కూసున్నడు.

"గట్టిగ పట్టుకోండ్రి, రెండు చేతులతోని" అన్నడు మిస్త్రీ.

అందరు గొల్లుమన్నరు. డాక్టర్ సుత నవ్వి రెండు చేతులతోని పలక పట్టుకున్నడు. ఇంజన్ ఆయన బరువును మెల్లగ, ఆగకుండ గుంజుకపోయింది. దిగినంక డాక్టర్ మిస్త్రీ కుడిచెయ్యి తన చేతులల్లకు తీసుకొని, కట్టె, తోలుపట్టి అటిటు తిప్పి చూసిండు. "దీనితో ఏమేం చెయ్యగలవు?"

"మీరు ఇప్పటిదాంక కూసొని తిరిగింది దాని పని మీదనే సాబ్."

ఇదంత సినిమా అయితే డాక్టర్ ఆడనే పాస్ చేసేటోడు. అట్ల కాలే. ఆ వారం చూసి, ఫిట్టర్ పనికి పనికిరాడనే రాసిండు. బావుల బరువులు ఎత్తే కాడ ఒక్క చేతి పట్టు చాలదు, ఇంకోసారి దెబ్బ తగిలితే మిగిలిన చెయ్యి పోతదని చెప్పిండు. ఇప్పుడు ఆలోచిస్తే ఆయన తప్పు రాయలే. అయితే "చేతిపని నేర్పనీకి పూర్తిగ పనికొస్తడు" అని కింద ఇంకో మాట సుత రాసిండు. ఇంజనీర్ సాబ్ ఆ ఒక్క మాట పట్టుకొని హైదరాబాద్ దాంక పోయి, బడిల నేర్పేటాయన కొలువు తెచ్చిండు.

మిస్త్రీ సంతోషపడలే. రెండు మూడు రోజులు బడి దిక్కే రాలే. "నేను ఫిట్టర్‌ను, పంతులును కాను" అని భార్య మీద కస్సుమన్నడట. నాలుగోనాడు వచ్చి ఇంజనీర్ సాబ్ ముంగట నిలబడ్డడు.

"నాకు అక్షరం రాదు. బోర్డు మీద గీయనీకి మనిషి కావాలె. గీ బిడ్డ వస్తే వస్త, లేకుంటే రాను."

ఇంజనీర్ సాబ్ ఇబ్బందిగ నా దిక్కు చూసిండు. "అంతా మగపిల్లలండి. అల్లరి చేస్తారేమో..."

ఫోర్‌మన్ ఆడనే ఉన్నడు. "షంటింగ్ ఇంజన్ కిందికి దూరిన పిల్ల సాబ్. గా పోరగాండ్లకు భయపడుతదా?"

ఇంట్ల మా అవ్వ పరేషాన్ అయింది. మగపిల్లల ముంగట నిలబడి పాఠం చెప్పుడేందని ఏడ్చింది. బాపు మాత్రం "గొంతు పెద్దగ చేసి చెప్పు, ఎనుక బెంచీలకు వినబడాలె" అన్నడు. అట్ల నేను ట్రేసర్ బల్ల ఇడిచిపెట్టి బోర్డు ముంగటికి వచ్చిన. తర్వాత నా నౌకరి అంత అక్కడనే గడిచింది. మీల కొందరి నాయినలు నా కాడనే గీతలు నేర్చుకున్నరు.

మొదటి తరగతి చెప్పి ఆపుత. ఇరవై ముప్పై మంది పిల్లలు, కొత్త ఖాకీ బట్టలు, ముంగట తలా ఒక ఇనుప ముక్క, ఒక ఆకురాయి. మిస్త్రీ లోపలికి వచ్చి నమస్తే అనలే, పేర్లు అడగలే.

"కుడిచెయ్యి ఎనుకకు పెట్టుండ్రి."

వాళ్లు మొఖమొఖాలు చూసుకున్నరు.

"వినబడలేదా? కుడిచెయ్యి ఎనుకకు. ఎడమచేత్తోని రాకుండ్రి. ఇయ్యాల అంత గదే పని."

ఆకురాయిలు జారిపడ్డయ్, ఇనుప ముక్కలు కింద దొర్లినయ్. ఒకడు వేలు గీసుకున్నడు. "గిదేం పని మిస్త్రీ?" అని గొణిగిన్రు. ఆయన ఒక్కొక్కని ఎనుక నిలబడి భుజం సర్ది, మోచెయ్యి సర్ది, "ఒంట్ల నుంచి తోయాలె, చేతితోని కాదు" అని చెప్పుకుంట తిరుగుతుండు. తిరిగి తిరిగి బోర్డు కాడికి వచ్చిండు.

"నువ్వెందుకు ఊకున్నవ్ బిడ్డా? నువ్వు సుత. చక్రం గీయి."

నేను సుద్దముక్క ఎడమచేతిలకు మార్చి గీసిన. వంకాయ లెక్క వచ్చింది. తరగతంత పగలబడి నవ్వింది.

మిస్త్రీ ఆ వంకాయను తల వంచి, కండ్లు చిన్నగ చేసి, నిజంగనే ఏదో డ్రాయింగు చూసినట్టు చూసిండు.

"పర్వాలేదు. నా మొదటి రాడ్డు గింతకన్న అన్యాయముండె" అన్నడు. "తుడిచి మళ్ల గీయి."

తుడిచిన. మళ్ల గీసిన.